పన్నెండో పేరు

మాస్టారు వలల షెడ్డులోకి వచ్చేసరికి అత్తాకోడళ్ళిద్దరూ చిరిగిన పెద్దవలకి చెరోపక్క కూర్చుని ఉన్నారు. పడవలింకా రేవుకి రాలేదు. రేకుల కింద మరో నలుగురు ఆడవాళ్ళు పని చేసుకుంటూ ఏదో నవ్వుకుంటున్నారు గానీ, ఆయన చంకలో ఫైలు చూసి గప్‌చిప్ అయిపోయారు. బడి నుంచి రిటైరై ఆరేళ్ళయినా ఆయన ఎదురుపడితే ఊళ్ళో సగంమందికి ఇప్పటికీ ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టే ఉంటుంది.

"నీతో చిన్న పనుండి వచ్చానమ్మా," అన్నాడాయన, బోర్లించిన బుట్ట మీద రుమాలు పరుచుకుని కూర్చుంటూ.

"చిన్న పనైతే ఎవరినో పంపేవారు. పెద్దదే అయ్యుంటుంది," అంది ముసలామె తలెత్తకుండానే.

ఆమె చేతిలో సూది ఆగలేదు. వలలో తెగిన కన్ను అంచులు కత్తిరించి, దారాన్ని చూపుడువేలి మీదుగా తిప్పి, ముడి బిగించి, మిగిలిన కొస పళ్ళతో కొరికి ఊసేసింది. కన్ను కొలతకి అందరూ చెక్కముక్క వాడతారు. ఆమెకి ఆమె వేలే కొలత. డెబ్భై దాటినా ఒక్క కన్ను పెద్దదవదు, ఒక్కటి చిన్నదవదు.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. ఆదివారం రేవుగట్టు మీద రాయి నిలబెడుతున్నారని, ఊరినుంచి యుద్ధానికి వెళ్ళి తిరిగొచ్చిన ముగ్గుర్ని వేదికెక్కించి దండలు వేస్తారని, తిరిగి రానివాళ్ళ పేర్లు రాతిమీద చెక్కిస్తున్నారని అందరికీ తెలిసిన సంగతే మళ్ళీ మొదట్నుంచి చెప్పాడు. తర్వాత అసలు విషయానికొచ్చాడు. రాతిమీద వరసకి మూడేసి చొప్పున నాలుగు వరసలు గీశారు. పోయినట్టు రుజువున్నవాళ్ళు పదకొండుమంది.

"పన్నెండో పేరు మీవాడిది. కాకపోతే రికార్డులో 'ఆచూకీ లేదు' అని ఉంది. తల్లి ఒప్పుకోకుండా పోయినవాళ్ళలో కలపకూడదని కమిటీలో అనుకున్నాం. ఇదిగో, రాసి తెచ్చాను. రెండు ముక్కలే."

"ఆ రెండు ముక్కలూ చదవండి, వింటాను."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని తరగతిలో పాఠం చదివినట్టు చదివాడు. "నా కుమారుడు పంతొమ్మిదేళ్ళ క్రితం జరిగిన యుద్ధంలో మరణించినట్టు నేను అంగీకరిస్తూ..."

"ఆగండాగండి. అంగీకరించడానికి నేనెవర్ని మాస్టారూ?" అంది ముసలామె. "వాడేమన్నా నన్నడిగి వెళ్ళాడా? నిచ్చెనెక్కమంటే కళ్ళు గట్టిగా మూసుకునేవాడు మావాడు. వాణ్ణి తీసుకెళ్ళి రాయెక్కిస్తానంటారు!"

వెనక ఎవరో కిసుక్కున నవ్వి, అంతలోనే నోరు నొక్కేసుకున్నారు.

"అది కాదమ్మా. చివరి వరసలో రెండే పేర్లుండి పక్కన బోడిగా వదిలేస్తే చూడ్డానికి బాగోదు..." అనేశాక, తనేమన్నాడో తన చెవికే పడినట్టుంది, మాస్టారు తడబడ్డాడు. "అంటే, వాడికి దక్కాల్సిన గౌరవం వాడికి దక్కాలి కదా అని."

ముసలామె ఈసారి తలెత్తి ఆయన వంక చూసింది. కోపంగా కూడా కాదు. లెక్క తప్పు చెప్పిన పిల్లాణ్ణి చూసినట్టు చూసి, మళ్ళీ సూది అందుకుంది.

ఇటుపక్క కోడలు వలలో రెండు కళ్ళని కలిపి ఒకే ముడి వేసేసింది. అది చూసుకుని, కత్తెరతో తెంపి, మొదట్నుంచి మొదలుపెట్టింది. మాస్టారు లేచి, వెళ్తూ వెళ్తూ కాగితం ఆమె ఒళ్ళో పెట్టాడు.

"నువ్వు చదువుకున్నదానివి. నువ్వు చెప్తే వింటుంది. గురువారం సాయంత్రానికల్లా చెక్కేవాడికి చెప్పెయ్యాలి. రాయి పాలిష్ పట్టాక ఇంక ఒక్క గీత కూడా పెట్టడానికి లేదంటున్నాడు."

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి దారం ఉండలున్న సంచిలో దాచింది. ఆ పూటంతా అత్త ఆ కాగితం ఊసెత్తలేదు. కోడలూ ఎత్తలేదు. ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి ఆ విషయం ఎత్తకుండా ఉండటమే పద్ధతి.

* * *

మర్నాడు మధ్యాహ్నం కోడలు ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్ళింది. అక్కడి వాచ్‌మన్ తిరిగొచ్చిన ముగ్గుర్లో ఒకడు. ఆమె భర్తా అతనూ యుద్ధానికి ఒకే పడవలో వెళ్ళారు. అతనికి ఎడంచెవి వినపడదు, అందుకని ఎవరొచ్చినా కుర్చీ కాస్త పక్కకి తిప్పుకుని కూర్చుంటాడు. ఆమెను చూడగానే తిప్పుకున్నాడు.

"రా చెల్లెమ్మా. మాస్టారు వచ్చాడంటగా మీ దగ్గరికి?"

"వచ్చాడన్నా. అత్తయ్య ససేమిరా అంది."

వాచ్‌మన్ తలూపాడు. ఒక లారీ వచ్చింది. లేచి గొలుసు తీసి, లోపలికి పంపి, పుస్తకంలో నంబరు రాసుకుని మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. లోపల ఐసు దిమ్మలు మరలో పడి నలుగుతున్న చప్పుడు గోడలోంచి వస్తోంది.

"కుర్చీలో కూర్చోబెట్టి దండ వేస్తారంట నాకు," అన్నాడు. "వాడి పేరు అక్కడ లేకుండా నేనెట్టా కూర్చునేది? జ్వరమొచ్చిందని చెప్పి ఇంట్లో పడుకుంటాను."

"ఒక్క మాట అడుగుతా, నిజం చెప్పు. ఆ రోజు సంగతి నువ్వు ఎప్పుడు చెప్పినా 'నేను పిలిచాను, వాడు పలికాడు' అన్నదగ్గర ఆపేస్తావు. తర్వాతేమైంది?"

అతను కుర్చీ చేతిమీద పెయింటు లేచిన చోట గోటితో గీకుతూ కూర్చున్నాడు.

"మీ అత్తే అక్కడ ఆపమంది. మొదటిసారి చెప్పినప్పుడు అక్కడికొచ్చేసరికి చెయ్యి అడ్డంపెట్టి, 'పలికాడు కదా, చాలు' అంది. అప్పట్నుంచి అక్కడే ఆపుతున్నా." గోరు ఆగింది. "పడవ తిరగబడ్డాక చెరో చెక్కముక్కా పట్టుకున్నాం. అంతా పొగమంచు, చెయ్యి చాపితే చెయ్యి కనపళ్ళేదు. పిలిచాను, పలికాడు. మళ్ళీ పిలిచాను, ఏదో అన్నాడు, చలిగా ఉందిరా అన్నట్టుంది. మూడోసారి పలకలేదు. పొగమంచు విడిపోయేదాకా పిలుస్తూనే ఉన్నాను చెల్లెమ్మా. విడిపోయాక చూస్తే చెక్క ఉంది. చెక్కొక్కటే ఉంది."

లారీ బయటికొచ్చింది. వెనకనుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. డ్రైవరు చెయ్యూపితే వాచ్‌మన్ కూడా ఊపాడు.

"అయితే రాడా, అన్నా?"

"రాడమ్మా."

ఈ రోజుకి ఐసు అయిపోయిందని ఎవరికో చెప్పినంత మామూలుగా చెప్పాడు. చెప్పాక మాత్రం లేచి గదిలోకి పోయి, చాలాసేపు బయటికి రాలేదు.

ఆమె గట్టు వెంబడి ఇంటికి నడిచింది. తనకి ఏడుపు రాలేదేమిటా అనుకుంది. ఇదంతా తనకెప్పుడో తెలుసు కదా. వీధిగేటు చప్పుడైనప్పుడల్లా ఇంట్లో రెండు తలలు లేస్తాయి. ముసలామె ఒక్కతే లేపి చూస్తే జాలిగా ఉంటుందని తనూ లేపుతుంది. అంతే. పంతొమ్మిదేళ్ళుగా తను చేస్తున్నది ఆ తల్లి ఆశకి తోడుండటం. ఇప్పుడీ చెక్క సంగతి ఆమెకి ఎలా చెప్పడం? చెప్తే తట్టుకుంటుందా? చెప్పకపోతే వాచ్‌మన్ జ్వరమని పడుకుంటాడు, రాతిమీద ఆ చోటు బోడిగా ఉండిపోతుంది, వచ్చేపోయేవాళ్ళంతా అది ఎవరి చోటని అడుగుతారు.

* * *

బుధవారం పొద్దుట్నుంచీ వాన. షెడ్డుకి వెళ్ళే పని లేదు. వంటింటి గుమ్మంలో కూర్చుని అత్త చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. కోడలు మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతోంది.

"ఆ గిన్నె చిల్లు పడిపోతుందే," అంది అత్త. "నిన్న ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళావు కదూ?"

"ఊఁ."

"చెప్పాడా మొత్తం?"

కోడలు చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

"ఆ కాగితం ఇటు తే. నా కళ్ళజోడు కూడా. కిటికీలో ఉంటుంది."

తెచ్చింది. అత్త చేతులు తుడుచుకుని, చిక్కుడుకాయలు కింద పోసి పళ్ళెం బోర్లించి, దానిమీద కాగితం పెట్టుకుంది. ఒక్కో అక్షరం దగ్గరా ఆగుతూ, కలం గట్టిగా నొక్కి తన పేరు రాసింది. రాసి, సిరా ఆరేదాకా ఊదింది.

"అత్తయ్యా," అంది కోడలు. "నువ్వు... చూసుకునే సంతకం పెట్టావా?"

"చదివాడుగా మాస్టారు. నాకు చెవులు బాగానే ఉన్నాయి."

"మరి మొన్న షెడ్డులో..."

"షెడ్డులో నువ్వున్నావు."

వాన నీళ్ళు చూరునుంచి బకెట్‌లో పడుతున్నాయి. అత్త కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

"వాడు లేడని నాకు మూడో ఏడే తెలిసిందే అమ్మాయ్. ఎవరూ చెప్పలా. ఒకరోజు పొద్దున లేచి పళ్ళు తోముకుంటున్నాను, తెలిసిపోయింది. అంతే."

"తెలిస్తే... ఏడో ఏట, పోయినట్టు ఒప్పుకోమని సర్కారు కాగితం వచ్చినప్పుడు పోస్టుమన్ మొహాన విసిరికొట్టావే! వీధి వీధంతా వచ్చి చూసింది!"

"నువ్వు తలుపు వెనకాల నిలబడి ఉన్నావప్పుడు. నీ మొహం చూశాను. పిల్ల ఇంకా ఆశ పెట్టుకునుంది, పోనీలే, నా చేత్తో ఎందుకు తుంచాలి అనుకున్నాను. వాచ్‌మన్‌ని కూడా అందుకే ఆపాను. ఆ మిగతాది నువ్వు వినకూడదని."

"నాకా? ఆశా?" కోడలు నవ్వబోయింది. గొంతులోంచి వేరే ఏదో చప్పుడు వచ్చింది. "నేను నీకోసం చూశానత్తయ్యా. గేటు చప్పుడైతే నువ్వు చూస్తావని చూశాను. పడక మీద రెండో తలగడ నువ్వు వేస్తావని నేనూ తీయలేదు."

"నువ్వు తీయడం లేదని నేను వేశాను," అంది అత్త నెమ్మదిగా.

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ముందు అత్తే అంది.

"ఆ పడవ ఇంజిన్ల మెకానిక్ నిన్ను రమ్మని అడిగిన రోజు నేను వలల గుట్ట వెనకే ఉన్నాను."

కోడలు పళ్ళెం మీది కాగితం తీసి చేతిలో పట్టుకుంది.

"'నాతో వచ్చెయ్, ఊరేమన్నా నేను చూసుకుంటా' అన్నాడు. మంచివాడు. నీకూ ఇష్టమే, నీ గొంతులో తెలిసింది నాకు. అవునంటుంది, అనాలి, అని ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. నువ్వు 'అత్తయ్య ఉంది కదా' అన్నావు. అది సాకనుకున్నాను. మావాడి మీద మనసు చంపుకోలేక అంటోంది, పాపం, అనుకున్నాను."

"సాకు కాదత్తయ్యా," అంది కోడలు. "అదే నిజం."

ముసలామె చేతులు ఒళ్ళో అలాగే ఉండిపోయాయి. వల ముందు క్షణం ఖాళీగా ఉండని చేతులవి. ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు అరచేతులు పైకి తిరిగి ఉన్నాయి.

"ఒక్కమాట అడగలేకపోయావా?" కోడలి గొంతు లేచింది. ఆ ఇంట్లో ఆ గొంతు అంతవరకూ ఎప్పుడూ లేవలేదు. "వెనకాల నిలబడి వింటావు, జాలిపడతావు, వచ్చి నాతో కూర్చుని మళ్ళీ వల కుడతావు! 'నేను బాగానే ఉంటాను, నువ్వు వెళ్ళు' అని ఒక్కమాట! పన్నెండేళ్ళయింది. అతనికిప్పుడు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది నాకు నమస్తే పెడుతుంది, పిన్నీ అంటుంది!"

"నువ్వడగొచ్చుగా నన్ను," అంది అత్త. వాదించడానికి అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

కోడలు కాగితం మడిచి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, వానలోకి వెళ్ళిపోయింది. తిరిగొచ్చేసరికి చిక్కుడుకాయ కూర పొయ్యి మీంచి దించి ఉంది. ఇద్దరూ తిన్నారు. ఆ రోజునుంచి ఇద్దరి మధ్యా "ఉప్పు", "తలుపు", "నీళ్ళు" లాంటి మాటలు తప్ప ఇంకేమీ నడవలేదు.

* * *

గురువారం పొద్దున్నే రాయి చెక్కే ముసలాయన కబురుపెట్టాడు. మాస్టారి చేతిరాత తనకి అర్థం కావడం లేదట. కోడలు వెళ్ళింది.

అతని దొడ్డి నిండా తెల్లటి దుమ్ము. నల్లరాయిని రెండు దూలాల మీద పడుకోబెట్టి ఉంచాడు. పదకొండు పేర్లూ పూర్తయ్యాయి. చివరి వరస చివర సుద్దతో గీసిన ఖాళీ పెట్టె ఉంది.

"రెండో అక్షరానికి దీర్ఘమా, పొట్టిదా?" అన్నాడాయన. "ఇది అడక్కుండా చెక్కేస్తే తర్వాత దిద్దడానికుండదు తల్లీ. రాయి మాట మార్చదు."

ఆమె చెప్పబోయి ఆగింది. ఆ పేరు తను పైకి అని ఎన్నేళ్ళయిందో. ఇంట్లో అత్తకి 'వాడు', తనకి 'ఆయన'. నోట్లో పేరు కొత్తమాటలా మెదిలింది. చివరికి సుద్దముక్క అడిగి తీసుకుని, రాతిమీద వంగి, ఆ పెట్టెలో మూడక్షరాలూ రాసింది.

"అందంగా ఉందమ్మా రాత. ఇలాగే చెక్కెయ్యనా?"

"వద్దు. అందరిదీ ఎలా ఉందో అలాగే ఉండనివ్వండి."

ఆయన సుద్ద తుడిచి, తన కొలతతో మళ్ళీ రాసుకుని, ఉలి తీసుకున్నాడు. ఒక్కో అక్షరానికి గంట పడుతుందన్నాడు. ఆమె వెళ్ళలేదు. పక్కనున్న పగిలిన రాతిమీద కూర్చుంది. సుత్తి దెబ్బకి రవ్వంత రాయి లేచేది. ఆయన వంగి ఉఫ్‌మని ఊది, మళ్ళీ కొట్టేవాడు.

"మనిషి ఎలా ఉండేవాడు తల్లీ?" అన్నాడు మధ్యలో. "ఊరికే అడుగుతున్నా. ఇక్కడికొచ్చినవాళ్ళందర్నీ అడుగుతాను. తెలిస్తే చెయ్యి తేలిగ్గా నడుస్తుంది."

"ఈల వేసేవాడు," అంది ఆమె. "బాగా వేసేవాడు కాదు. నిచ్చెనంటే భయం. చిన్నప్పుడు..."

ఆగిపోయింది. చిన్నప్పటి సంగతి తనెక్కడ చూసింది? నిచ్చెన సంగతి కూడా అత్త చెప్పిందే. ఒక్కొక్కటీ వెనక్కి వెతుక్కుంటూ పోయింది. అన్నం కలుపుకునే తీరు, తుమ్మితే ఇల్లదిరిపోవడం, పడవకి నీలంరంగే వెయ్యాలని పంతం పట్టడం. అన్నిటి వెనకా అత్త గొంతే ఉంది. తను కాపురం చేసింది పదకొండు నెలలు. ఆ పదకొండు నెలల్లోంచి తనదని చెప్పుకోవడానికి ఈల ఒక్కటే చేతికొచ్చింది. ఆ ఈల పాటేమిటో కూడా గుర్తులేదు.

"చిన్నప్పుడు?" అన్నాడు ముసలాయన.

"ఏం లేదు. మంచివాడండీ," అంది.

మూడో అక్షరం అయ్యేదాకా ఉంది. అప్పటికి ఆమె చేతులు, ఒళ్ళో బట్ట అన్నీ తెల్లగా అయిపోయాయి.

* * *

ఆదివారం ఎండ కాసింది. రేవుగట్టు మీద కుర్చీలు వేశారు. మైకుకి కరెంటు చాలక జనరేటర్ పెట్టారు, దాని పక్కన మెకానిక్ నిలబడి ఉన్నాడు, చిన్నకూతురు అతని చెయ్యి పట్టుకుని గెంతుతోంది. మాస్టారు తెల్లచొక్కాలో అటూ ఇటూ తిరుగుతూ, రాయి ముందు రెండుసార్లు ఆగి చూసుకున్నాడు. మూడేసి పేర్లు, నాలుగు వరసలు. ఆయన మొహంలో తృప్తి దాచినా దాగలేదు.

అత్తాకోడళ్ళు రెండో వరసలో పక్కపక్కనే కూర్చున్నారు. మధ్యలో జానెడు ఖాళీ.

తిరిగొచ్చిన ముగ్గురినీ వేదికెక్కించారు. వాచ్‌మన్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. దండ పడుతుంటే వినపడని చెవిని జనంవైపు తిప్పేసి, చప్పట్లు ఆగేదాకా అలాగే కూర్చున్నాడు. తర్వాత మాస్టారు పేర్లు చదవడం మొదలుపెట్టాడు. ఒక్కో పేరు చదవగానే ఆ ఇంటివాళ్ళు లేచి, నాలుగు మెట్లెక్కి, రాయి ముందు పూలగుత్తి పెట్టి దిగుతున్నారు. కొందరు అన్నలు, కొందరు చెల్లెళ్ళు, ఒక పేరుకి తండ్రిని ఎప్పుడూ చూడని పెళ్ళీడు కూతురు.

పన్నెండో పేరు చదివాడు. మాస్టారు గట్టిగా, దీర్ఘం సరిగ్గా పలికాడు. ముసలామె కళ్ళు తడవలేదు. లేవబోయి, మెట్ల వంక చూసి, మోకాలు పట్టుకుని కూర్చుండిపోయింది. పూలు కోడలి వైపు జరిపింది.

కోడలొక్కతే వెళ్ళింది. జనం మధ్యలోంచి నడిచి మెట్లెక్కింది. పైన నీడ లేదు. సముద్రం మీంచి వచ్చే వెలుతురంతా ఆమె మీదే పడుతోంది. వంగి పూలు పెట్టింది. ఏం చెయ్యాలో తెలియక, చెక్కిన మూడక్షరాల మీద ఇంకా మిగిలిన దుమ్ముని వేలితో తుడిచింది. ఒక్కటి తుడిచేసరికి మిగతా రెండూ తుడవాలనిపించింది. అలా వంగి తుడుస్తుంటేనే, వెనకనుంచి ఆ ఏడుపు వినపడింది.

తిరిగి చూసింది. అత్త కుర్చీలో ముందుకి కూలిపోయి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడుస్తోంది. పంతొమ్మిదేళ్ళలో ఆమె ఏడవగా ఊళ్ళో ఎవరూ చూడలేదు. వలల షెడ్డు ఆడవాళ్ళు లేచొచ్చి చుట్టూ చేరారు. "కన్నకడుపు కదా," అంది ఒకామె. "ఇన్నాళ్ళకి బయటపడింది," అంది ఇంకొకామె. మాస్టారు మైకు దగ్గర తలవంచుకున్నాడు. వాచ్‌మన్ వేదిక మీద లేచి నిలబడ్డాడు.

కోడలు మెట్లు దిగి వచ్చి, ఆడవాళ్ళని తప్పించుకుని ఆమె పక్కన కూర్చుంది. ముసలామె చెయ్యి చాపి, కొడుకు పేరున్న రాయి వంక చూడనైనా చూడకుండా, కోడలి తల నిమిరింది. పాపిట పక్కగా, చెవి వెనకగా, మెడ దాకా నిమిరింది. వల కట్టీ కట్టీ గట్టిపడిన వేళ్ళు వెంట్రుకల్లో చిక్కుకుంటున్నాయి.

"ఎప్పుడు నెరిసిందే ఇదంతా?" అంది వెక్కిళ్ళ మధ్య. "నా పక్కనే కూర్చుంటావు కదే రోజూ... ఎప్పుడు నెరిసింది?"

కోడలికి కోపం పోలేదు. పోతుందని కూడా అనిపించలేదు. అయినా ఆ చెయ్యి తీసెయ్యలేదు.

"చాన్నాళ్ళయిందత్తయ్యా," అంది.